జిమ్‌లో సాటి ఆడవాళ్లే ఏడిపిస్తుంటే ఏం చేయాలి?

ఉదయం ఆరున్నర క్లాస్. స్తంభం పక్కన, రెండో వరసలో మ్యాట్ పరుచుకుని బాటిల్‌లో నీళ్లు నింపుకోవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి నా మ్యాట్‌ను చుట్టేసి గోడకు ఆనించారు. ఆ చోట వేరే మ్యాట్ ఉంది. "ఇది మా ప్లేస్ అండీ, మీకు తెలీదేమో" అంది ఒకావిడ, నా వైపు తిరక్కుండా అద్దంలో చూస్తూ. ఆవిడ పక్కనున్న ఇద్దరూ అద్దంలోనే ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. మర్నాడు నేను వెనక వరసకు వెళ్లిపోయాను. అదే వారంలో, వంగి కాలి వేళ్లు అందుకోబోతుంటే "అబ్బో, అందుతాయా?" అని పక్క నుంచి వినిపించింది. ఆ తర్వాత పదిహేను రోజులు నేను జిమ్ గుమ్మం తొక్కలేదు. ఇంట్లో మోకాలి నొప్పి అని చెప్పాను.

అలా ఏదో ఒక నొప్పి పేరు చెప్పి ఇంట్లో ఉండిపోయిన వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇందులో ఏ ఒక్క అడుగూ ఏడిపించేవాళ్లను మంచివాళ్లుగా మార్చడానికి పనికిరాదు. వాళ్లు మనతో స్నేహం చేయకపోయినా ఫర్వాలేదు. జిమ్‌లో మన గంట మనకు దక్కాలి. నేను చెప్పేదంతా దానికోసమే.

ముందు, జరుగుతున్నదేమిటో తేల్చుకోండి

జిమ్‌లో ఇబ్బందిగా అనిపించేదంతా వేధింపు కాదు. ఇది వెంటనే తేల్చుకోకపోతే తర్వాతి అడుగులన్నీ తడబడతాయి.

కొత్తగా చేరినప్పుడు అందరూ మననే చూస్తున్నారనిపిస్తుంది. దీని మీద 2000లో కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థులకు సిగ్గనిపించే బొమ్మ ఉన్న టీషర్ట్ తొడిగి, తోటి విద్యార్థులు కూర్చున్న గదిలోకి పంపారు. ఎంతమంది ఆ బొమ్మను గమనించి ఉంటారని తర్వాత అడిగితే, దాదాపు సగం మంది అని వాళ్లు చెప్పారు. నిజానికి గమనించింది పావు వంతు మందే. కాబట్టి మొదటి వారంలో ఎవరో నవ్వితే అది మన గురించే అయి ఉండనక్కర్లేదు. "మీకింకా ఎన్ని సెట్లున్నాయి?" అని విసుగ్గా అడిగిన మనిషి, పదేళ్లుగా కలిసి వస్తూ తమలో తాము కబుర్లు చెప్పుకునే గుంపు, అడక్కుండానే "మోకాలు ముందుకు రానివ్వకండి" అని చెప్పే పెద్దావిడ, వీళ్లెవరూ మిమ్మల్ని వేధిస్తున్నట్టు కాదు.

మరి వేధింపు ఎప్పుడవుతుంది? ఈ విషయం మీద 1970ల నుంచి నార్వే, స్వీడన్ బడుల్లో పరిశోధన చేసిన డాన్ ఓల్వేయుస్ మూడు గుర్తులు చెప్పాడు. కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, అవతలి మనిషి ఎదురు నిలవలేని స్థితిలో ఉండటం. మూడోది జిమ్‌లో ఎలా ఉంటుందంటే, వాళ్లు ముగ్గురు, మీరు ఒక్కరు. వాళ్లు పాత మెంబర్లు, మీరు చేరి నెల. ట్రైనర్‌ను వాళ్లు పేరు పెట్టి పిలుస్తారు, మీ పేరు ఆయనకింకా గుర్తులేదు.

ఆడవాళ్ల మధ్య ఇది చాలాసార్లు మాట రూపంలో కూడా ఉండదు. మీరు రాగానే మాటలు ఆగిపోతాయి. అందరికీ చెప్పిన క్లాస్ టైమ్ మార్పు మీ ఒక్కరికే తెలియదు. ఖాళీగా ఉన్న సైకిల్ మీద టవల్ వేసి "ఇది వేరేవాళ్లది" అంటారు. మీరు ట్రెడ్‌మిల్ ఎక్కితే పక్కన నడుస్తున్న మనిషి దిగి దూరంగా ఉన్న దానికి మారుతుంది. మెచ్చుకోలులా వినిపించే దెప్పిపొడుపు ఇంకొకటి: "నీ ధైర్యం మెచ్చుకోవాలి, నేనైతే ఈ ఒంటికి ఆ టైట్స్ వేసుకోలేను." సంబంధాలనే ఆయుధం చేసుకుని మనిషిని వెలివేయడం అనే ఈ పద్ధతికి 1995లో అమెరికన్ పరిశోధకులు నిక్కీ క్రిక్, జెన్నిఫర్ గ్రాట్‌పీటర్ విడిగా పేరు పెట్టి, బడిపిల్లల్లో కొలిచి చూపించారు. "ఆడవాళ్లంతే" అనే మాటను మాత్రం నమ్మకండి. తర్వాత వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే ఈ విషయంలో ఆడా మగా తేడా చాలా స్వల్పమని తేలింది.

"ఇంత చిన్న విషయానికి నేనెందుకిలా అయిపోతున్నాను?" అని మిమ్మల్ని మీరు తిట్టుకుంటుంటే ఇది వినండి. కంప్యూటర్‌లో బంతి విసురుకునే ఆటలో ఒక మనిషికి బంతి ఇవ్వడం మానేసి, ఆ సమయంలో ఆ మనిషి మెదడును స్కాన్ చేశారు. ఒంటికి నొప్పి కలిగినప్పుడు పనిచేసే భాగాల్లో ఒకటి అప్పుడూ చురుగ్గా కనిపించింది. 2003లో వచ్చిన ఈ పరిశోధనలో అవతల ఆడుతున్నది మనుషులు కూడా కాదు, ప్రోగ్రామ్. అలాంటిది, రోజూ ఎదురుపడే మనుషులు ముఖం తిప్పేసుకుంటే బాధపడటం మీ బలహీనత కాదు.

ఫోన్‌లో ఒక నోట్ తెరవండి

అదే రోజు, బండి ఎక్కేలోపు, నాలుగు ముక్కలు రాయండి. తేదీ, టైమ్, ఎక్కడ, ఏం జరిగింది, ఎవరు చూశారు. మీకెంత బాధ కలిగిందో వేరే చోట రాసుకోండి, అదీ అవసరమే. ఈ నోట్‌లో మాత్రం కెమెరా చూసినట్టు రాయాలి. "వాళ్లు నన్ను చాలా అవమానించారు" అని రాస్తే రేపు మేనేజర్ దగ్గర ఉపయోగపడదు. "9వ తేదీ, 6:40, స్ట్రెచింగ్ అప్పుడు, 'అందుతాయా' అని గట్టిగా అంది, ఇద్దరు నవ్వారు, ట్రైనర్ పది అడుగుల దూరంలో ఉన్నారు" అని రాస్తే పనికొస్తుంది.

ఈ నోట్‌తో ఇంకో లాభం ఉంది. రెండు వారాలు రాశాక చదివితే విషయం తేటపడుతుంది. నాది చదివితే ఒకటి కనిపించింది. అన్నీ ఆ ఒక్కావిడ ఉన్న రోజుల్లోనే జరిగాయి. మిగతా ఇద్దరూ ఆవిడ రాని రోజు నా వైపు కూడా చూడలేదు. జిమ్ అంతా నాకు ఎదురు తిరిగిందనుకున్నాను, చూస్తే ఒక్క మనిషి.

ఫోటోలు, వీడియోల జోలికి మాత్రం పోకండి. బట్టలు మార్చుకునే గదిలోనైతే సాక్ష్యం కోసమైనా సరే ఫోన్ కెమెరా తెరవద్దు. తప్పు మీ మీదకే తిరుగుతుంది. ఎవరైనా అక్కడ మీ ఫోటో తీస్తే అది వెక్కిరింత స్థాయి దాటిపోయినట్టే. 2016లో లాస్ ఏంజెలెస్‌లో ఒక మోడల్, జిమ్ లాకర్ రూమ్‌లో ఉన్న 70 ఏళ్ల మహిళను చాటుగా ఫోటో తీసి, ఆమె శరీరాన్ని ఎగతాళి చేస్తూ స్నాప్‌చాట్‌లో పెట్టింది. జిమ్ ఆ మోడల్‌ను మళ్లీ అడుగు పెట్టనివ్వలేదు. 2017లో కోర్టు మూడేళ్ల ప్రొబేషన్ (కోర్టు పర్యవేక్షణ), గోడల మీద రాతలు తుడిచే పని 30 రోజులు విధించింది. మనిషి ఒంటిని చూసి నవ్వడాన్ని సరదా అని కొట్టిపారేసేవాళ్లకు ఈ కేసు గుర్తు చేయండి.

చిన్న మాట, సరైన సమయంలో

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నేనూ ఆగిపోయాను. తగిన జవాబు తట్టేసరికి ఇంటికి చేరి ఉంటాం. అందుకే మాట ముందే తయారు చేసుకోవాలి, ఇంట్లో గట్టిగా పైకి అనుకోవాలి. మనసులో అనుకుంటే చాలదు. గొంతుకు కూడా అలవాటు కావాలి, లేకపోతే సమయానికి వణుకుతుంది.

మాట ఒకటి రెండు చిన్న వాక్యాలు దాటకూడదు. అందులో మీ బరువు గురించి, ప్రసవం గురించి, థైరాయిడ్ గురించి, డాక్టర్ చెప్పిందాని గురించి ఏమీ ఉండకూడదు. మీ ఒళ్లు ఎందుకిలా ఉందో మీరు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. ఒకసారి ఇవ్వడం మొదలుపెడితే అడిగే హక్కు వాళ్లకుందని ఒప్పుకున్నట్టే.

మ్యాట్ జరిపితే: "నా మ్యాట్ ఇక్కడుంది. మళ్లీ ఇక్కడే వేస్తున్నాను." వేయండి.

మెషీన్ మీద టవల్ వేస్తే: "మీకింకా ఎన్ని సెట్లున్నాయి? ఆ తర్వాత నేను చేస్తాను." అక్కడే నిలబడండి. ఎవరూ వాడని మెషీన్‌ను ఎక్కువసేపు కాపలా కాయడం వాళ్లకే కష్టమవుతుంది.

ఒంటి గురించి అంటే: "నా ఒంటి గురించి మాట్లాడకండి." దీనికి ముందూ వెనకా ఏమీ చేర్చొద్దు. "సరదాకి అన్నానండీ, అంత సీరియస్ అయితే ఎలా?" అంటారు. తప్పకుండా అంటారు. అప్పుడూ అదే వాక్యం, అదే గొంతుతో: "నా ఒంటి గురించి మాట్లాడకండి."

గుసగుసలైతే ఇంకో పద్ధతి. దగ్గరకు వెళ్లి, ముఖంలోకి చూస్తూ, "ఏదో అన్నారు, వినపడలేదు. మళ్లీ చెప్తారా?" అని మామూలుగా అడగండి. చాటుగా అన్న మాటను ఎదురుగా నిలబడి మళ్లీ అనడం చాలామంది వల్ల కాదు. "ఏం లేదండీ" అనేస్తారు. చాలు, మీరు వచ్చేయండి.

ఎప్పుడు అనాలో కూడా చూసుకోవాలి. చేతిలో డంబెల్ ఉన్నప్పుడు, సెట్ మధ్యలో, ఆయాసపడుతున్నప్పుడు వద్దు. గొంతు ఎగిరిపోతుంది, పట్టు జారితే కాలి మీద పడుతుంది. బరువు కింద పెట్టి, రెండు సార్లు ఊపిరి పీల్చి వదిలి, అప్పుడు మాట్లాడండి. వీలైతే ఆ మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు, నీళ్ల దగ్గరో మెట్ల దగ్గరో. గుంపు ముందు మాట్లాడితే పరువు కోసమైనా ఎదురు తిరుగుతుంది. వెటకారానికి వెటకారం మాత్రం వద్దు. ఒక్కసారి మీరూ ఆవిడ చీలమండల గురించి ఏదో అన్నారనుకోండి, అప్పటివరకూ జరిగిందంతా మాసిపోయి "ఇద్దరూ ఇద్దరే" అన్న తీర్పు వచ్చేస్తుంది.

ఆ మాట అనలేకపోతే? ఫర్వాలేదు. కొందరి వల్ల కాదు, అది తప్పేమీ కాదు. ఈ అడుగు వదిలేసి ముందుకు వెళ్లొచ్చు.

ఒక్క మనిషిని పక్కన చేర్చుకోండి

కెనడాలో బడి ఆటస్థలాల్లో పిల్లల్ని దూరం నుంచి వీడియో తీసి చేసిన ఒక పరిశోధన 2001లో వచ్చింది. తోటి పిల్లలెవరైనా కల్పించుకున్నప్పుడు, సగానికి పైగా సందర్భాల్లో వేధింపు పది సెకన్లలో ఆగిపోయింది. కాకపోతే పిల్లలు కల్పించుకోవడమే అరుదు. పెద్దవాళ్ల జిమ్‌లో కూడా నేను చూసింది ఇదే. చూసే వాళ్లలో చాలామందికి అది నచ్చదు, కానీ పక్కవాళ్లు ఊరుకున్నారు కదా అని తామూ ఊరుకుంటారు.

అందుకే అందరినీ కూడగట్టాలని చూడకండి. రోజూ నవ్వి తలూపే ఒక్కరిని ఎంచుకోండి. వాళ్ల దగ్గర ఏకరువు పెట్టకుండా ఒక పని అడగండి: "రేపు క్లాస్‌లో మీ పక్కన మ్యాట్ వేసుకోవచ్చా?" ఇది కాదనడం కష్టం, చేయడం తేలిక. నాకు అలా తోడైనావిడ వయసు అరవై పైనే. ఆవిడ నా తరఫున ఎవరితోనూ పోట్లాడలేదు. "అమ్మాయ్, బాటిల్ ఇటు పెట్టుకో" అని తన మ్యాట్ ఓ జానెడు జరిపింది. ఆ జానెడు చోటు నాకు ఇవాళ్టికీ గుర్తుంది.

మీరే చూసే స్థానంలో ఉంటే, తిట్టిన మనిషి వైపు కాకుండా తిట్లు తిన్న మనిషి వైపు నడవండి. "ఈ మెషీన్ సీటు ఎలా దించాలండీ?" అని ఏదో ఒకటి అడగండి. అంతే చాలు, ఆవిడ ఇక ఒంటరి కాదు.

జిమ్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి

రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయికి నోటిమాటగా చెప్పి వచ్చేస్తే అది గాలిలో కలిసిపోతుంది. మేనేజర్‌కు ఈమెయిల్ చేయండి, లేదా కాగితం మీద రాసి, ఇంకో కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. అంతకుముందు మెంబర్‌షిప్ ఫారం వెనక వైపు చదవండి. చాలా జిమ్‌లు సభ్యుల ప్రవర్తన గురించి ఒక నిబంధన రాస్తాయి. ఇతరులను ఇబ్బంది పెడితే సభ్యత్వం రద్దు చేస్తామని ఉంటుంది. ఆ నిబంధన నంబర్ మీ ఉత్తరంలో వేయండి.

ఉత్తరం చిన్నగా, ఇలా ఉంటే సరిపోతుంది:

"ఈ నెల 4, 9, 11 తేదీల్లో ఉదయం 6:30 క్లాస్‌లో ఒక సభ్యురాలు నా మ్యాట్‌ను తీసేయడం, నా శరీరం గురించి అందరిలో వ్యాఖ్యలు చేయడం జరిగింది. వివరాలు కింద రాశాను. 11న నేనే ఆపమని అడిగాను, ఆగలేదు. క్లాస్‌లో స్థలాలు ఎవరికీ సొంతం కాదని మీరు అందరికీ చెప్పాలి, ఆ సభ్యురాలితో మాట్లాడాలి. ఏం చేశారో వారం లోపు నాకు రాతపూర్వకంగా తెలియజేయండి."

ఏం జరిగిందో చెప్పి ఊరుకోకుండా ఏం చేయాలో కూడా అడిగాం చూడండి. మేనేజర్‌కు చేయాల్సిన పని చేతికి ఇస్తే చేసే అవకాశం ఎక్కువ.

ఎదురయ్యే జవాబు నాకు తెలుసు: "ఆడవాళ్ల గొడవల్లో మేం తలదూర్చలేం మేడమ్, మీలో మీరు సర్దుకోండి." ఈ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఒక సభ్యుడు ఇంకో సభ్యుడి బ్యాగ్ విసిరేస్తే దాన్ని మగవాళ్ల గొడవ అని వదిలేస్తారా? డబ్బు కట్టిన సభ్యురాలు కట్టిన గంటను వాడుకోలేకపోతే అది జిమ్ సమస్యే. మర్యాదగా, పట్టు వదలకుండా అదే చెప్పండి: "నేను గొడవ తీర్చమనడం లేదు. మీ నిబంధన అమలు చేయమంటున్నాను." అక్కడ పని జరగకపోతే యజమానికి, పెద్ద సంస్థ శాఖ అయితే వాళ్ల ప్రధాన కార్యాలయానికి అదే ఉత్తరం పంపండి. మేనేజర్ జవాబును కూడా జత చేయండి.

ట్రైనరే ఆ గుంపుతో కలిసి నవ్వుతుంటే ఆయనతోనో ఆమెతోనో మాట్లాడుతూ సమయం వృథా చేయొద్దు, నేరుగా పైవాళ్లకే రాయండి.

నా విషయంలో రెండో ఉత్తరానికి కదలిక వచ్చింది. క్లాస్ గది నేల మీద టేప్‌తో చదరాలు గీసి, ముందు వచ్చినవాళ్లకు ముందు చోటు అని గోడకు కాగితం అంటించారు. ఆవిడ నాకు సారీ చెప్పలేదు. ఇప్పటికీ పలకరింపులు లేవు. మ్యాట్ మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

వాట్సాప్ గ్రూప్ ఉంటే

క్లాస్ గ్రూప్‌లో మీ గురించి పేరు లేకుండా ఏదో పెడతారు, కింద నవ్వే ఎమోజీలు వరసగా పడతాయి. స్క్రీన్‌షాట్ తీయండి, తేదీ కనిపించేలా. తర్వాత గ్రూప్‌ను మ్యూట్ చేయండి. రాత్రిపూట జవాబివ్వకండి. టైమింగ్స్ కోసం గ్రూప్ తప్పనిసరి అయితే, ఆ సమాచారం మీకు విడిగా పంపమని జిమ్‌ను అడగండి.

ఈ అడుగులేవీ పనికిరాని సందర్భాలు

నెట్టినా, కొట్టినా, బెదిరించినా, బట్టలు మార్చుకుంటుండగా ఫోటో తీసినా, బయట వెంటపడినా, మీ ఇంటి అడ్రస్ ఎత్తినా నోట్ రాస్తూ కూర్చోకండి. అక్కడి నుంచి బయటపడి, మీవాళ్లకు ఫోన్ చేసి, పోలీసులకు చెప్పండి. జిమ్‌లో సీసీ కెమెరాలుంటే ఆ రోజు రికార్డింగ్ చెరిపేయకుండా ఉంచమని వెంటనే రాతపూర్వకంగా అడగండి. చాలా చోట్ల పాత రికార్డింగ్ కొద్ది రోజుల్లోనే చెరిగిపోతుంది.

ఇదంతా నడుస్తుండగా వ్యాయామం

ఈ గొడవలో ముందు పోయేది వ్యాయామమే. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాలకు పని కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. అందులో జిమ్ అన్న మాట లేదు. చురుగ్గా నడిచినా లెక్కలోకే వస్తుంది. జిమ్‌కు వెళ్లలేని రోజు బూట్లు వేసుకుని అరగంట నడిచి రండి, వ్యాయామం అలవాటు తెగకుండా ఉంటుంది.

వెళ్లిన రోజున, ఏ మెషీన్ తర్వాత ఏది, ఎన్ని సెట్లు అన్నది కాగితం మీద రాసుకుని వెళ్లండి. లోపలికి వెళ్లాక ఎటు వెళ్లాలా అని నిలబడిపోయే ఆ అర నిమిషమే చూపులన్నీ గుచ్చుకుంటున్నట్టుంటుంది. కొన్నాళ్లు టైమ్ మార్చుకోవడంలో ఓటమేమీ లేదు. కాకపోతే క్యాలెండర్‌లో ఒక తేదీ పెట్టుకోండి: ఆ రోజు వరకే ఇలా, ఆ తర్వాత నా టైమ్ నాదే అని.

వాళ్లు చూస్తున్నారని రోజూ ఎత్తేదానికంటే ఎక్కువ బరువు ఎత్తకండి. నడుము పట్టేస్తే బాధపడేది మీరు. వాళ్ల మాటలు విని పూట భోజనం మానేయడం అంతకంటే ప్రమాదం. తిండి తగ్గిపోతుంటే, తిన్నది కావాలని కక్కేస్తుంటే, నిద్ర పట్టకపోతే, జిమ్ బ్యాగ్ చూడగానే గుండె దడ వస్తుంటే డాక్టర్‌తోనో కౌన్సెలర్‌తోనో మాట్లాడండి. చిన్న విషయమే కదా అని వాయిదా వేయొద్దు.

మారిపోవాలనుకుంటే

రెండు ఉత్తరాలు రాశారు, నెల గడిచింది, ఏమీ మారలేదు. అప్పుడు మారిపోండి. ఫిర్యాదు కాగితాలన్నీ జతచేసి, మిగిలిన నెలల డబ్బు వెనక్కి అడగండి. ఇవ్వకపోతే సభ్యత్వాన్ని వేరే శాఖకు మార్చమనో, కొన్నాళ్లు ఆపి ఉంచమనో (ఫ్రీజ్) అడగండి. రద్దయినట్టు కాగితం తీసుకోకుండా, బ్యాంకు నుంచి నెలనెలా కట్ అయ్యే ఏర్పాటు ఉంటే అది ఆపకుండా వదలొద్దు.

కొత్త జిమ్‌ను మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు చూసి చేరిపోకండి. మీరు రోజూ వెళ్లబోయే టైమ్‌కే వెళ్లి ఒక ట్రయల్ క్లాస్ చేయండి. అక్కడ అందరికంటే లావుగా ఉన్న మనిషిని, అందరికంటే పెద్ద వయసు మనిషిని ట్రైనర్ ఎలా పలకరిస్తున్నారో చూడండి. మీరు ఒక పొరపాటు చేసినప్పుడు దగ్గరకు వచ్చి చెబుతున్నారా, గది అవతలి నుంచి అరుస్తున్నారా? లాకర్ రూమ్‌లో ఫోన్లు వాడొద్దని బోర్డు ఉందా? మెషీన్ దగ్గర ఎవరినైనా "తర్వాత నేను చేయొచ్చా?" అని అడిగి చూడండి. చివరగా రిసెప్షన్‌లో ఈ ప్రశ్న వేయండి: "ఇక్కడ ఒక సభ్యురాలి వల్ల ఇంకొకరికి ఇబ్బంది అయితే ఎవరికి చెప్పాలి?" ఒక పేరు, ఒక నంబర్ వెంటనే చెప్పగలిగితే ఫారం నింపండి. "ఇక్కడ అలాంటివేం జరగవు మేడమ్" అని నవ్వేస్తే, ఇంకో జిమ్ చూసుకోండి.